చూరు మూసే పని: మండువా లోగిలి పైకప్పు డైరీ

ఫిబ్రవరి, చివరి వారం

ముందుగా పని ఏమిటో రాసి పెట్టుకుంటాను. కోనసీమలో మాది పాత మండువా లోగిలి. బెంగుళూరు పెంకు కప్పు, టేకు వాసాలు, లావుపాటి ఇటుక గోడలు, మూడు వైపులా కొబ్బరి తోట. అటక మీద ఎలుకలు కాపురం పెట్టాయి. పగలు ఉడుతలు, రాత్రి గబ్బిలాలు వచ్చిపోతున్నాయి. కిందటి వానాకాలం ఎలుకల వెనకే ఒక జెర్రిపోతు పడమటింటి వాసం మీదికి చేరింది. అది విషం లేని పామే. అయినా ఆ రోజు నుంచి అమ్మ ఆ గదిలో పడుకోవడం మానేసింది. నైరుతి వానలు జూన్‌లో మొదలవుతాయి. ఆలోగా పైకప్పు అంచు పొడవునా ఒక్క సందు కూడా మిగలకుండా చూడాలి.

ఊళ్లో ఎవరిని అడిగినా మందు పెట్టమనే చెబుతున్నారు. నాకు అది ఇష్టం లేదు. బజారులో దొరికే బ్రోమడియోలోన్ బిళ్లలు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు తిరిగి, చేయి అందని ఏ మూలకో పోయి చస్తుంది. పెంకు కింద చచ్చిన ఎలుక కంపు అంత తేలిగ్గా పోదు. మందు తిన్న ఎలుకను పట్టిన గుడ్లగూబకూ ఆ విషం ఎక్కుతుంది. మా గడ్డివాము దగ్గర రాత్రిళ్లు ఎలుకలను వేటాడేది ఆ గుడ్లగూబే. అన్నిటికీ మించి, తోట నిండా ఎలుకలుండగా ఇంట్లో నాలుగింటిని చంపితే నాలుగు చోట్లు ఖాళీ అవుతాయి, అంతే. దారి తెరిచి ఉన్నంతకాలం ఆ చోట్లు మళ్లీ నిండుతూనే ఉంటాయి. అందుకే ఈసారి ఎలుకల జోలికి పోవడం కన్నా దారుల సంగతి చూడాలని నిశ్చయించుకున్నాను.

ఏ ఎలుక అన్నది కూడా తెలుసుకోవాలి. పునాది పక్కన నేలను తవ్వి బొరియ చేసేది పందికొక్కు. దానికి పైకప్పుతో పని లేదు. పైనుంచి వచ్చేది నల్ల ఎలుక. సన్నటి ఒళ్లు, ఒంటి పొడవును మించిన తోక, పెద్ద చెవులు. కరెంటు తీగ మీద కూడా తడబడకుండా నడుస్తుంది. కొబ్బరి మొవ్వులో గూడు కట్టుకుని లేత కాయలకు ముచ్చిక దగ్గర చిల్లు పెట్టేది ఇదే. తోటలో అలా చిల్లు పడిన కాయలు రాలుతుంటే ఇంటి చూరు ఒకసారి చూసుకోవడం మంచిది. మొవ్వులోంచి మట్ట మీదికి, మట్ట మీది నుంచి పెంకు మీదికి, అక్కడి నుంచి చూరు సందులోకి దిగడం దానికి క్షణాల పని.

మండువా ఇంటికి ఇంకో చిక్కుంది. మామూలు ఇంటికి చూరు బయటివైపే ఉంటుంది. మండువాకు బయట ఒకటి, లోపల నడిమి గుంట చుట్టూ ఇంకొకటి. నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలి వాన నీరు మధ్యలో పడుతుంది. బయటి చూరంతా బిగించి లోపలిది వదిలేస్తే ఎలుక కొప్పు (కప్పు వాలులు పైన కలిసే కొస) దాటి ఇటువైపు దిగుతుంది. కాబట్టి పని రెండింతలు.

మార్చి, మొదటి వారం

ఈ వారమంతా వెతుకులాటే. సుత్తి పట్టుకునే ముందు సందులన్నీ కాగితం మీదికి ఎక్కాలి.

సందులు వెతకడానికి నాకు తెలిసిన మంచి పద్ధతి మిట్టమధ్యాహ్నం అటక ఎక్కి దీపం ఆర్పేయడం. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కదలకుండా కూర్చుంటే వెలుతురు తానే చెబుతుంది. వాసానికీ వాసానికీ మధ్య, గోడ తలకు పైన, సన్నటి గీతలుగా, కొన్నిచోట్ల అరచేతి వెడల్పుగా ఎండ లోపలికి దూరుతోంది. చిట్టెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలు. నల్ల ఎలుకకు 12 మిల్లీమీటర్లు ఉంటే చాలు. తల దూరితే ఒళ్లు దూరినట్టే. అందుకే పెన్సిలు దూరే ప్రతి సందునూ లెక్కలో వేసుకుంటున్నాను.

వెలుతురు కనిపించిన ప్రతి సందూ దారి కాదు. ఎలుక నడిచే దారికి గుర్తులుంటాయి. ఒంటికి ఉన్న జిడ్డు, దుమ్ము కలిసి వాసం పక్కన నల్లటి మెరిసే చారలా అంటుకుంటుంది. కొత్తదైతే వేలికి జిడ్డుగా తగులుతుంది, పాతదైతే పెళుసుగా రాలుతుంది. ఈశాన్యపు మూలలో ఒక వాసం అడుగున ఆ చార అరచేయంత వెడల్పుంది. సున్నం గోడ కూడా అక్కడ నల్లబడింది.

తరువాత రెట్టలు. తెల్ల కాగితం మీద వేసి, చేతికి తొడుగు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని చూశాను. నల్ల ఎలుకవి సుమారు 12 మిల్లీమీటర్ల పొడవు, రెండు కొసలూ సన్నగా, కొంచెం వంపు తిరిగి ఉంటాయి. చిట్టెలుకవి బియ్యపు గింజ కన్నా చిన్నవి. బల్లివైతే కొసన తెల్లటి చుక్క ఉంటుంది. గబ్బిలం రెట్ట చూపుకు చిట్టెలుకదాన్నే పోలి ఉంటుంది గానీ, పుల్లతో నొక్కితే పొడిపొడిగా విడిపోతుంది. ఆ పొడిని ఎండలో పెడితే తళుకుమంటుంది. అవి పురుగుల రెక్కల ముక్కలు. కొప్పు కింద తూర్పు వైపు దొరికినవన్నీ అలా తళుకుమన్నాయి. ఎలుక రెట్ట ఎండిపోయి గట్టిగా ఉంటుంది, ఆ తళుకు ఉండదు. అనుమానం వచ్చిన చోటల్లా ఈ పరీక్షే తేల్చింది.

రాత్రికి గోడ తల మీద, వాసాల మొదళ్లలో ముగ్గుపిండి పలచగా చల్లాము. చల్లింది అమ్మే. నా చేయి అంత పలచగా చల్లలేదు. తెల్లారేసరికి ఈశాన్యపు మూలలోనూ, మండువా వైపు నైరుతి లోమూలలోనూ (కప్పు రెండు వాలులు లోపలివైపు కలిసే చోటు) అడుగులు అచ్చుపడి ఉన్నాయి. ముందు పాదానికి నాలుగు వేళ్లు, వెనక పాదానికి ఐదు, నడుమ తోక ఈడ్చిన గీత. ఉడుత అడుగులూ ఇంచుమించు ఇలాగే ఉంటాయి కాబట్టి పొద్దుగూకాక చల్లి, పొద్దు పొడవక ముందే చూడాలి. ఉడుత పగటి జీవి, ఎలుక రాత్రి జీవి.

వంటింటి పొగగూడు దగ్గర వేరే కథ. అక్కడి రెట్టలో బొప్పాయి గింజలు నిండుగా ఉన్నాయి. అది మానుపిల్లి. పళ్లు తిని తోటంతా గింజలు చల్లే జంతువు. దాన్ని పట్టడం, కొట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మా ఇంట్లో అది కాపురం పెట్టలేదు, రాత్రి పూట దారి మధ్యలో ఆగిపోతోంది. పొగగూడు దగ్గర పని దానికి తగ్గట్టు చేయాలి.

మార్చి, మూడో వారం

ఇల్లు ముట్టుకోవడానికి ముందు చెట్ల పని. చూరు మీదికి వాలిన కొబ్బరి మట్టలు, మునగ కొమ్మలు, పెరటి మామిడి కొమ్మ ఒకటి. నల్ల ఎలుక మీటరు దూరం దూకగలదు. అందుకని కప్పు అంచుకు చుట్టూ కనీసం మీటరున్నర ఖాళీ ఉండాలని గుర్తు పెట్టుకున్నాము. కొబ్బరి దింపు చేసే ఆయన ఎక్కి మట్టలు నరికారు. దిగి వచ్చి, "మొవ్వులో రెండు గూళ్లున్నాయి బాబు గారూ, ఈ చెట్టు మీది ఎలుకలే మీ ఇంటికి వస్తున్నది" అన్నారు.

ఇంటికి దగ్గరగా, విడిగా ఉన్న చెట్లకు మానుకు తగరపు రేకు పట్టీలు చుట్టించాను. నేల నుంచి రెండు మీటర్ల ఎత్తులో, 40 సెంటీమీటర్ల వెడల్పు రేకు. నున్నటి రేకు మీద గోరు పట్టదు. కానీ ఈ ఉపాయం మట్టలు ఒకదానికొకటి తగలని చెట్లకే పనికొస్తుంది. దట్టమైన తోటలో ఎలుక ఒక చెట్టెక్కి పది చెట్లు తిరుగుతుంది, అక్కడ రేకుకు పెట్టే డబ్బు దండగ.

తీగలు మిగిలాయి. కేబులు తీగ కొబ్బరి చెట్టు మీదుగా చూరుకు వస్తోంది, దాన్ని చెట్టు నుంచి విడదీసి వేరే గుంజకు మార్పించాము. గోడ దగ్గరి చివరి మీటరుకు సన్నటి పి.వి.సి. గొట్టం తొడిగించాను. గొట్టం తీగ మీద వదులుగా తిరుగుతుంది, దాని మీద కాలు పెట్టిన ఎలుక నిలవలేదు. కరెంటు సర్వీసు తీగ జోలికి మాత్రం నేను పోలేదు. లైన్‌మన్‌కు చెప్పి, తీగ గోడలోకి దూరే కన్నం దగ్గర సరఫరా ఆపించి పని చేయించుకున్నాము.

మార్చి 20 పిచ్చుకల దినం. తూర్పు చూరు కింద పిచ్చుకలు రెండు మూడు చోట్ల గూళ్లు పెట్టుకుంటున్నాయి. చూరు మూస్తే వాటికి నిలువ నీడ ఉండదు. అందుకే ముందుగానే గోడకు చెక్క పెట్టెలు బిగించాము. 32 మిల్లీమీటర్ల గుండ్రటి కన్నం పెట్టించాను. ఆ కొలతలో పిచ్చుక దూరుతుంది, గోరింక దూరలేదు. వసారాలో వరి కంకుల కుచ్చులు ఎలాగూ వేలాడుతున్నాయి. కాబట్టి ఈ పక్షులు మా ఇల్లు వదిలి పోతాయన్న బెంగ నాకు లేదు.

ఏప్రిల్, మొదటి వారం

జాలీ కొన్నాము. ఇక్కడ జాగ్రత్త పడకపోతే తక్కినదంతా వృథా. కోళ్ల గూటికి కట్టే ఆరు పలకల వల పనికిరాదు. దాని కళ్లు పెద్దవి, తీగ సన్నం. ప్లాస్టిక్ దోమతెరను ఎలుక ఒక్క రాత్రిలో కొరుకుతుంది. తుపాకీలాంటి గొట్టంతో చిమ్మే నురుగును కొందరు సందుల్లో నింపుతారు. గట్టిపడ్డాక చూడటానికి బాగుంటుంది, ఎలుక పళ్లకు అది అడ్డే కాదు. ఎలుక ముందు పళ్లు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి, కాబట్టి అది కొరకక మానదు. దానికి లొంగనిది ఉక్కు. పావు అంగుళం గళ్లున్న వెల్డ్ మెష్ తీసుకున్నాము. తీగ మందం పోను మిగిలే గడిలో చిట్టెలుక కూడా దూరదు, గాలి మాత్రం ఆడుతుంది.

సముద్రపు గాలి తగిలే ప్రాంతం మాది. మామూలు జి.ఐ. (జింకు పూత పూసిన ఇనుము) జాలీ త్వరగా తుప్పు పడుతుంది. అందుకని బయటి చూరుకు స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ. ఖరీదు బాగా ఎక్కువ, అయినా ఎత్తున, మళ్లీ మళ్లీ నిచ్చెన వేయలేని చోట అదే మేలు. కానీ ఒక మినహాయింపు ఉంది. లోమూలల్లో నీరు పారే రేకు జి.ఐ.ది. తడిలో, ఉప్పు గాలిలో స్టెయిన్‌లెస్ స్టీలు దానికి తగిలితే రేకు మీది జింకు పూత తొందరగా తినేస్తుంది, రేకుకు చిల్లులు పడతాయి. కాబట్టి రేకుకు తగిలే చోట జి.ఐ. జాలీయే వాడాలి. దుకాణంలో ఈ మాట చెప్పేవారు ఎవరూ ఉండరు. రెండూ కొని తెచ్చుకోవడం మంచిది.

ఏప్రిల్, రెండో వారం

వాసాల మధ్య పని మొదలైంది. మా ఇంట్లో వాసాలు గోడ మీది దూలానికి ఆని, గోడ దాటి బయటికి పొడుచుకు వస్తాయి. వాసాల మీద సన్నటి బద్దలు, ఇక్కడ రీపర్లు అంటారు, వాటి మీద పెంకులు. కట్టినప్పుడు వాసానికీ వాసానికీ నడుమ ఇటుక ముక్కలు, మట్టి నింపారు. ఏళ్ల తరబడి ఎండకు, తడికి కర్ర ముడుచుకుంటూ ఉబ్బుతూ ఉండటంతో ఆ మట్టి వదులై రాలిపోయింది. దానికి తోడు ఈ పెంకుకు అడుగున అలలా వంపులుంటాయి. పేరు బెంగుళూరు పెంకే అయినా, మంగళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వారు 1865లో కర్మాగారం పెట్టి ఈ రకం పెంకు చేయడం మొదలుపెట్టారు. ఒకదానికొకటి గాడిలో కొక్కెం వేసినట్టు పట్టుకుంటాయి కాబట్టి వాన లోపలికి దిగదు. కానీ చూరు అంచున, గాడి పట్టుకోవడానికి పక్క పెంకు లేని చోట, ప్రతి వంపు కిందా ఒక సందు మిగిలిపోతుంది. వానను ఆపే కప్పు ఎలుకను ఆపలేకపోతున్నది ఇక్కడే.

మేస్త్రి గారికీ వడ్రంగి గారికీ అభిప్రాయం కలవలేదు. "ఇటుక పెట్టి సిమెంటు కొట్టేస్తే మళ్లీ చూసుకునే పని ఉండదు బాబూ" అన్నారు మేస్త్రి గారు. వడ్రంగి గారు ఒప్పుకోలేదు. "కర్రకు గాలి ఆడాలండీ. సిమెంటులో పాతిపెడితే వాసం మొదలు కుళ్లుతుంది" అన్నారు. నా మనసు వడ్రంగి గారి వైపే. చూరు దగ్గర చల్లగాలి లోపలికి వచ్చి, వేడెక్కి, కొప్పు సందుల్లోంచి పోవడం వల్లనే పెంకుటిల్లు ఎండాకాలంలో చల్లగా ఉంటుంది. చూరు గట్టిగా మూసేస్తే ఆ గాలి ఆగిపోతుంది, లోపలి చెమ్మ కర్రకు పడుతుంది. పైగా సిమెంటు కదలదు, కర్ర కదులుతుంది. ఒక్క వేసవి గడిచేసరికి రెండింటి మధ్య గీత పడుతుంది, అది మళ్లీ చిట్టెలుకకు దారి.

ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నాక తేలింది ఇది. గోడ తల మీద ఇటుకకు ఇటుకకు నడుమ ఉన్న కన్నాలను సున్నం, ఇసుక, పగిలిన పెంకు ముక్కలు కలిపి నింపాలి. దానిపైన, పెంకు అడుగు దాకా ఉన్న ఖాళీకి జాలీ. జాలీని అట్టపెట్టె మూతలా నాలుగు అంచులూ వంచి, రెండు పక్కలా వాసాలకు, కింద దూలానికి మర, వాషరు వేసి బిగించాలి. వాషరు లేకపోతే ఎలుక మర చుట్టూ ఉన్న గడిని లాగి లాగి వెడల్పు చేస్తుంది. పై అంచును మాత్రం పెంకు వంపు ఎలా ఉందో అలా కత్తిరించాలి. వడ్రంగి గారు ఒక పాత పెంకును అచ్చుగా పెట్టుకుని, అట్ట మీద గీసి, ఆ అట్టతో జాలీ కత్తిరించారు. పెంకులు చేతితో తట్టి చేసినవి కావు కాబట్టి ఒక అచ్చు అన్నిటికీ సరిపోయింది. పని ఊపందుకుంది.

కప్పు మీద నడిచేటప్పుడు పెంకు నడుమ కాలు వేయకూడదు. పెంకు కింది అంచున, రీపరు ఉన్న చోట అడుగు వేయాలి. అంతకన్నా మంచిది పొడవాటి చెక్క పలక అడ్డంగా వేసుకోవడం. పగిలిన పెంకుల చోట పాత ఇళ్లు విప్పిన వారి దగ్గర కొన్న పెంకులు వేశాము. కొత్తవి గాడి కొలతలో కొంచెం తేడా వస్తున్నాయి, ఆ తేడాయే సందు అవుతుంది.

ఏప్రిల్, మూడో వారం

లోమూలలు. ఈ ఇంటి పనంతటిలో కష్టమైనవి ఇవే.

మండువాలో రెండు వాలులు లోపలివైపు కలిసే నాలుగు మూలల్లోనూ నీరు పారడానికి రేకు వేసి ఉంటుంది. ఆ రేకుకు అటూ ఇటూ పెంకులను ఏటవాలుగా కోసి పేరుస్తారు. కోసిన పెంకుకు, రేకుకు నడుమ మూడు పలకల సందు మిగులుతుంది. ఒక్కో పెంకుకు ఒక్కటి చొప్పున మూల పొడవునా వరసగా. కింద నిలబడి చూస్తే ఏమీ కనబడదు, రాలిన ఆకులు కప్పేసి ఉంటాయి. నైరుతి లోమూల ఆకులు తీసి చూస్తే ఆ సందుల్లో ఒకటి అంచులు నున్నగా అరిగి, జిడ్డు పట్టి ఉంది. చాలా కాలంగా వాడుతున్న వాకిలి అది. ముగ్గుపిండిలో అడుగులు పడింది దీని కిందే.

ఈ సందుల్లో సున్నం గానీ సిమెంటు గానీ నింపకూడదు. పెద్ద వాన పడినప్పుడు రేకులో నీరు అంచుల దాకా వస్తుంది. అడ్డం కట్టితే అది పొర్లి పెంకు కిందికి మళ్లుతుంది, అక్కడి నుంచి వాసం మీదికి. మా ఇంట్లో పాడైన ఒకే ఒక్క వాసం ఈ మూలదే. ఎప్పుడో ఎవరో ఆ సందులు సిమెంటుతో నింపారు, దాని గడ్డలు ఇంకా అతుక్కునే ఉన్నాయి. వాటిని ఉలితో జాగ్రత్తగా తీయించాము.

చేసింది ఇది. రేకుకు రెండు పక్కలా పైకి వంచిన మడత ఉంటుంది. జి.ఐ. జాలీని సన్నటి పట్టీలుగా కోసి, పొడవునా లంబంగా వంచి, ఒక రెక్క ఆ మడత వెనక, పెంకు కిందికి పోయేలా, రెండో రెక్క సందుకు అడ్డంగా నిలబడేలా పెట్టాము. జాలీ నీటి దారిలోకి రాకూడదు. నడుమ కనీసం 10 సెంటీమీటర్ల వెడల్పు శుభ్రంగా ఖాళీగా ఉండాలి. రేకుకు మేకు కొట్టకూడదు, ప్రతి మేకు కన్నమూ కారుతుంది. పట్టీని పక్కన ఉన్న చెక్కకే బిగించాలి.

అంతకన్నా ముఖ్యమైనది రేకు కింది కొస. నీరు మండువాలోకి దూకే చోట రేకు కింద, రెండు చెక్కల నడుమ పిడికిలి పట్టేంత బొక్క తిన్నగా అటకలోకే పోతోంది. కింది నుంచి చూస్తే రేకు నీడలో దాగి ఉంటుంది. అట్టతో అచ్చు తీసి, జి.ఐ. రేకు ముక్కను ఆ ఆకారానికి కోసి, రెండు పక్కల చెక్కలకు మరలతో బిగించాము. తక్కిన మూడు లోమూలల్లోనూ అదే బొక్క ఉంది. ఈశాన్యంలో మాత్రం రేకు ముక్క బిగించకుండా ఆపాను, కారణం కింద రాస్తాను.

ఏప్రిల్, చివరి వారం

దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయిపోవచ్చాయి. చేలలో తిండి తగ్గితే ఎలుకలు ఊరి వైపు మళ్లుతాయి. ఇదే వేళకు మా చూరు చాలామటుకు మూసి ఉండటం నాకు ధైర్యాన్నిచ్చింది.

కానీ లోపల ఉన్నవాటిని లోపలే పెట్టి మూయకూడదు. లోపల చిక్కుకున్న ఎలుక బయటికి పోవడానికి చెక్కను, తీగను కొరుకుతుంది. కరెంటు తీగ తొడుగు కొరికితే నిప్పు పుట్టే ప్రమాదం కూడా ఉంది. అందుకే అటకలోకి పోయే దారులన్నీ మూస్తూ వచ్చి, ఈశాన్యపు మూల ఒక్కటే వదిలాము. అన్నీ ఆ దారికే అలవాటు పడతాయి.

వరి చేలలో పెట్టే వెదురు ఎలుక బుట్టలు, చెక్క బోనులు తెచ్చి ఆ దారి పక్కన పెట్టాము. ఎలుకకు కొత్త వస్తువంటే భయం. కాబట్టి మొదట బిగించకుండా, కాల్చిన కొబ్బరి ముక్క, ఎండు చేప మాత్రం పెట్టి వదిలేశాము. భయం పోయి తినడం మొదలుపెట్టాక బిగించాము. ఎలుక గోడను ఒరుసుకుని నడుస్తుంది, అందుకని బోను గోడకు ఆని ఉండాలి, నోరు అది నడిచే దారి వైపు. జిగురు అట్టలు నేను వాడను. జంతువు గంటల తరబడి యాతన పడి చస్తుంది, బల్లులు, పిట్టలు కూడా అతుక్కుంటాయి.

ఉడుతలకు బోను అవసరం లేదు. పగటి పూట అవి బయటికి పోయాక దారి మూస్తే చాలు. మూసే ముందు గూట్లో పిల్లలు లేవని చూసుకోవాలి. వాయవ్యపు మూలలో కొబ్బరి పీచుతో కట్టిన గూడు ఖాళీగా దొరికింది, తీసేశాము.

పొగగూడుకు లావుపాటి తీగతో చేసిన, పొగ పోయేంత గళ్లున్న చట్రం తయారు చేయించాము. మానుపిల్లి లోపల లేదని తెల్లవారక ముందే ఒకసారి, రాత్రి అది తిరిగే వేళ ఇంకోసారి చూసుకుని, ముగ్గుపిండి మీద కొత్త అడుగులు బయటి వైపే పోయాయని నిర్ధారించుకున్నాక చట్రం బిగించాము. పొగగూట్లో మసి పేరుకోకుండా దాన్ని విప్పి తోమేలా బందులు పెట్టించాను.

మే, రెండో వారం

గబ్బిలాల వంతు. ఇవి బొటనవేలంత ఒళ్లున్న చిన్న గబ్బిలాలు, దోమలను, చిన్న పురుగులను తింటాయి. కాలువల పక్కన, వరి చేల మధ్య బతికే మాకు అవి చేసే మేలు తక్కువ కాదు. వన్యప్రాణి చట్టంలో ఒకప్పుడు హాని చేసే జంతువుల జాబితా అని వేరే ఉండేది. అందులో ఎలుక, చిట్టెలుక, కాకితో పాటు పండ్లు తినే గబ్బిలాలూ ఉండేవి. 2022 సవరణలో ఆ జాబితానే తీసేశారు. గబ్బిలం ఏ రకమైనా పొగ పెట్టి, కర్రతో కొట్టి చంపడం నాకు సమ్మతం కాదు. అవి అటకలో ఉండకుండా చూస్తే చాలు.

పొద్దుగూకే వేళ పెరట్లో కూర్చుని కొప్పు వైపు చూస్తూ ఉంటే అవి ఎక్కడి నుంచి వస్తాయో తెలిసిపోతుంది. తూర్పు కొప్పు పెంకు ఒకటి కింద సున్నం ఊడిపోయి చిటికెన వేలంత సందు ఉంది. ఒకదాని వెనక ఒకటి అక్కడి నుంచే జారుతున్నాయి. అన్నీ పోయాక అటక ఎక్కి చెవి పెట్టి విన్నాను. పెద్దవి వేటకు పోయాక కూడా లోపల కిచకిచలు వినిపిస్తే పిల్లలున్నట్టు. అలా వినిపించినన్నాళ్లూ ఆ సందు ముట్టుకోలేదు. పిల్లలు లోపల ఉండగా మూస్తే అవి ఆకలితో చస్తాయి, తల్లులు గోడల్లో కొత్త దారులు వెతుకుతాయి.

చప్పుడు పూర్తిగా ఆగాక, సందు పై అంచుకు, రెండు పక్కలకు సన్నటి వల కట్టి, కింది అంచు వదులుగా మూరెడు వేలాడదీశాము. లోపలి నుంచి వచ్చిన గబ్బిలం వల కిందికి పాకి బయట పడుతుంది. తిరిగి వచ్చినప్పుడు మాత్రం తనకు తెలిసిన సందు దగ్గరే వాలుతుంది, వల కింది నుంచి పాకాలని దానికి తోచదు. కొప్పు వైపు రాకపోకలు పూర్తిగా ఆగిపోయాయని తేలాక సున్నంతో ఆ సందు మూసి, కొప్పు పెంకులన్నీ కదిలించి చూసి, వదులైనవి మళ్లీ వేయించాము. పశువుల పాక గోడకు ఎత్తున, సన్నటి అరలున్న చెక్క పెట్టె ఒకటి బిగించి పెట్టాను. అక్కడ చేరితే నాకు సంతోషమే.

మే, చివరి వారం

ఈశాన్యపు మూలలో ముగ్గుపిండి వరసగా కొన్ని రాత్రులు చెరగకుండా ఉంది. బోనుల్లో కొబ్బరి అలాగే ఉంది. అప్పుడే ఆ చివరి రేకు ముక్క బిగించాము.

ఇక అటక శుభ్రం. ఎండు రెట్టలను చీపురుతో ఊడ్వకూడదు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు బ్లీచింగ్ పౌడరు కలిపిన నీటిని మెల్లగా చల్లి, నాననిచ్చి, తడి గుడ్డతో ఎత్తాలి. ముక్కుకు గట్టి మాస్కు, చేతికి రబ్బరు తొడుగులు తప్పనిసరి. ఎలుక మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ తడి నేల ఉన్న మా వంటి ప్రాంతాల్లో కొత్తేమీ కాదు, పాదాలకు, చేతులకు గాయాలుంటే ఆ పని చేయకూడదు. పాత గూళ్లు, కొరికిన గుడ్డలు, అమ్మ దాచుకున్న కొబ్బరి పీచు బస్తా కూడా దింపేశాము. బస్తా ఇవ్వడానికి అమ్మ ఒప్పుకోవడానికి కొంచెం సమయం పట్టింది.

జిడ్డు చారలన్నిటినీ సబ్బు నీటితో తుడిచాము. ఆ వాసన మిగిలితే బయటి ఎలుకలు మళ్లీ అదే చోటు వెతుక్కుంటూ వస్తాయి. పైగా శుభ్రమైన గోడ మీద కొత్త చార పడితే వెంటనే కనిపిస్తుంది.

జూన్, రెండో వారం

మొదటి పెద్ద వాన పడింది. నేను చూడాల్సింది ఎలుకల సంగతి కన్నా ముందు నీటి సంగతి. లాంతరు పట్టుకుని అటకలో లోమూలల దగ్గర కూర్చున్నాను. నైరుతి, వాయవ్యం, ఈశాన్యం పొడిగా ఉన్నాయి. ఆగ్నేయపు మూలలో మాత్రం జాలీ పట్టీ వెనక రాలిన కొబ్బరి పూత, ఆకులు చిక్కుకుని నీరు ఆగింది, ఒక పెంకు అంచున చుక్క పడుతోంది. మర్నాడు ఆ పట్టీని రెండు వేళ్ల వెడల్పు లోపలికి జరిపించాము. ఆకు ఆగే అంచు ఇప్పుడు లేదు. ఆ తరువాతి వానకు చుక్క పడలేదు. కొబ్బరి పూత రాలే మాసాల్లో లోమూలలు వారానికి ఒకసారైనా ఊడ్పించాలి, ఇది జాలీ పెట్టిన ఇంటికి తప్పని చాకిరీ.

బయటి చూరు జాలీలో గాలి బాగానే ఆడుతోంది. మధ్యాహ్నం పూట అటకలో వేడి కిందటేడు లాగే ఉంది, పెరగలేదు. మేస్త్రి గారు కూడా వచ్చి చూసి వెళ్లారు. తన కూతురి ఇంటికి ఇదే పద్ధతిలో చేస్తానన్నారు, పెంకు అచ్చు అట్ట అడిగి తీసుకెళ్లారు.

గోదావరికి వరద వచ్చే జూలై, ఆగస్టు నెలల్లో నది నడిమి లంకల నుంచి పాములు, ఎలుకలు ఎత్తైన చోట్లకు ఎక్కుతాయి. ఈ పనికి అసలైన పరీక్ష అదే. అప్పటికి మిగిలినవి: పడమటి వసారా చివర విప్పని నాలుగు వాసాల సందులు, వంటింటి కిటికీ పైన కేబులు తీగ పాత కన్నం, వసారా కప్పుకూ ప్రధాన కప్పుకూ నడుమ ఉన్న గోడ పట్టీ. జాలీ మిగిలింది, మరలు మిగిలాయి. వాన తెరపి ఇచ్చిన వెంటనే వడ్రంగి గారు వస్తానన్నారు.